చిలకమ్మ ఇంటికి తొమ్మిది కిలోమీటర్లు

నేను తెలుగు మాట అమలు విభాగంలో సీనియర్ అనువాదకుణ్ణి. ఇరవై రెండేళ్ల సర్వీసులో నా బల్ల మీదికి వచ్చిన ఏ ఇంగ్లీషు మాటనీ ఉత్త చేతులతో వెనక్కి పంపలేదు. స్పీడ్ బ్రేకర్‌ని 'వేగభంజని' చేసింది నేనే. లిఫ్టు తలుపు మీద 'ఊర్ధ్వాధోగామిని' అని రాయించింది కూడా నేనే. ఆ బోర్డు పెట్టిన రోజు నుంచి మా ఆఫీసులో అందరూ మెట్లెక్కుతున్నారంటే అది ఒంటికి మంచిదే తప్ప నా తప్పు కాదు. 'దీనికి తెలుగులో మాట లేదు' అని ఫైలు మీద రాసే అనువాదకుణ్ణి నేను మనిషి కింద లెక్కెయ్యను.

మా విభాగానికి ఒక నిబంధన ఉంది. తెలుగు పేరు లేని చోట బోర్డు పెట్టకూడదు. బోర్డు లేని చోటుని ప్రారంభించకూడదు. ప్రారంభం కానిది ప్రభుత్వం దృష్టిలో లేనట్టే. కాబట్టి ఏదైనా ఉండాలా వద్దా అన్నది చివరికి నా కలం మీద ఆధారపడి ఉంటుంది. ఈ సంగతి మా ఇంట్లో ఎవరూ నమ్మరు.

అలాంటి నా బల్ల మీదికి వనవిహార సంస్థ నుంచి ఒక ఫైలు వచ్చింది: 'నెమిలేరు లూప్ ట్రెయిల్'. మన్యంలో నెమిలేరు ఒడ్డున అడవిలో ఒక కాలిబాట. గేటు దగ్గర మొదలై, ఏటి వెంబడి మూడు జలపాతాలు చూపించి, కొండని చుట్టబెట్టి, మళ్లీ ఆ గేటు దగ్గరికే తెచ్చి వదిలేస్తుంది. మొత్తం తొమ్మిది కిలోమీటర్లు. నడవడానికి ఇష్టపడేవాళ్లు పట్నం నుంచి కార్లలో వచ్చి నడుస్తారట.

లూప్ అంటే ఉచ్చు. 'ఉచ్చుబాట' అని రాసి పంపాను. వనవిహార సంస్థ ఎం.డి. ప్రభంజనరావుగారు వెంటనే ఫోన్ చేశారు. "వచ్చేవాళ్లు టూరిస్టులండీ, కుందేళ్లు కాదు" అన్నారు. 'మెలికదారి' అన్నాను. పేరులోనే మెలిక ఉంటే విజిలెన్సువాళ్లు దిగుతారని భయపడ్డారు. ఫైలులో గేటు గార్డు రాసిన రిపోర్టు ఒకటి ఉంది. అందులో 'స్థానికులు దీనిని చుట్టుదారి అందురు' అని ఒక ముక్క కనిపించింది. చుట్టుదారి! బొత్తిగా మనుషులు మాట్లాడుకునే మాట. అలాంటివి రాయడానికైతే నేనెందుకు? రెండు రోజులు నిఘంటువులు తిరగేశాను. మూడో రోజు మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత తీస్తుండగా తట్టింది: 'నెమిలేరు ప్రదక్షిణ మార్గం'.

ప్రభంజనరావుగారు ఫోన్లోనే చప్పట్లు కొట్టారు. ఆ మాటని పాలరాతి మీద చెక్కించారు. ప్రారంభోత్సవానికి పెద్దవాళ్లొచ్చి తెర లాగారు. నాకు శాలువా కప్పారు. ఆ ఎండకి శాలువాలో ఉడికిపోతూ గేటు పక్కనున్న టీ కొట్టు బెంచీ మీద కూలబడ్డాను.

కొట్టు గెమ్మెలి చిలకమ్మది. నలభై ఏళ్ల మనిషి, గలగలా మాట్లాడుతుంది. గేటు లోపలికెళ్లి కుడిచేతి వైపు తిరిగితే రెండు వందల అడుగుల్లో వాళ్ల గూడెం, పన్నెండిళ్లు. మొదటి ఇల్లే ఆవిడది. గేదె అక్కడే, బావి అక్కడే. పాలకనీ నీళ్లకనీ రోజుకి పదిసార్లు కొట్టుకీ ఇంటికీ మధ్య తిరుగుతుంది.

"ఆ రాయి మీద ఏటి రాసినారు బాబూ?" అని అడిగింది గ్లాసు అందిస్తూ.

"నెమిలేరు ప్రదక్షిణ మార్గం" అన్నాను, కాస్త గొంతు సవరించుకుని.

"మంచిదే బాబూ. దండం పెట్టుకునీలాగుంది" అంది. నేను మురిసిపోయాను. ఆ మాటలోనే ముప్పంతా ఉందని అప్పుడు తెలియలేదు.

పదిహేను రోజులకి ఆచార వ్యవహారాల శాఖ నుంచి వనవిహార సంస్థకి లేఖ వచ్చింది. 'ప్రదక్షిణ' అను పదము తమ శాఖ పరిధిలోని పదముల రెండవ పట్టికలో పదకొండవదని, సదరు పదము వాడబడిన చోట సదరు క్రియ జరుగుచున్నట్లే భావింపబడునని, సదరు క్రియ జరుగుచున్న చోట సదరు శాఖ అనుమతి లేకుండుట తీవ్రమైన అంశమని అందులో ఉంది. ఒక పేజీలో పద్నాలుగు సదరులు. చదువుతుంటే నాకు అసూయ కలిగింది.

ప్రభంజనరావుగారు నన్ను పిలిపించారు. "మాట మార్చేద్దామండీ" అన్నాను.

"ఎలా మారుస్తాం? పాలరాతి మీద చెక్కాం కదా."

"తప్పయితే దిద్దుకోవాలి కదండీ."

"తప్పయితే చెక్కం కదండీ" అన్నారాయన. రెండు శాఖలూ కలిపి ఉమ్మడి తనిఖీ సంఘం వేశారు. పదకర్త హోదాలో నన్నూ సభ్యుణ్ణి చేశారు.

ఆచార వ్యవహారాల శాఖ తరఫున చర్ల అనంతశయనంగారు వచ్చారు. ఆయన మామూలుగా మాట్లాడరు, మాట్లాడితే ఉత్తర్వులాగా ఉంటుంది. గేటు దగ్గర కారు దిగి, పాలరాతిని పైనుంచి కిందికి చదివి, మూడు వేళ్లు ఎత్తారు.

"మూడు సందేహములు. ఏ దిశగా? ఎన్ని మార్లు? దేని చుట్టూ?"

ప్రభంజనరావుగారు నా వైపు చూశారు. నేను గార్డు సన్యాసినాయుడి వైపు చూశాను. సన్యాసినాయుడి వెనక ఎవరూ లేరు.

దిశ సంగతి తొందరగానే తేలింది. ప్రదక్షిణ అంటే మధ్యలోది మన కుడిచేతి వైపు ఉండాలి. అంటే గేటులోకి వెళ్లగానే ఎడమవైపు తిరగాలి. కుడివైపు తిరిగితే అప్రదక్షిణ, శాఖాపరంగా నేరం. ఎడమవైపుకి పెద్ద బాణం గుర్తు వేయించారు. పాదరక్షలు విడువవలెనన్నారు. దారంతా జలగలున్నాయని సన్యాసినాయుడు మనవి చేసుకుంటే మేజోళ్లకి అనుమతి ఇచ్చారు.

ఎన్ని మార్లు అన్న దగ్గర పేచీ వచ్చింది. ప్రదక్షిణలు బేసి సంఖ్యలో ఉండాలి కాబట్టి మూడు అన్నారు అనంతశయనంగారు. అంటే ఇరవై ఏడు కిలోమీటర్లు. ఒకటి కూడా బేసి సంఖ్యేనని ప్రభంజనరావుగారు మొత్తుకున్నారు. "ఒకటి బేసియా, లేక ఒంటరియా అన్నది నిపుణులు తేల్చవలసిన విషయము" అన్నారు అనంతశయనంగారు. లెక్కల నిపుణులకి లేఖ వెళ్లింది. ఇప్పటికీ పరిశీలనలోనే ఉంది. అంతదాకా తాత్కాలికంగా ఒకటే చాలన్నారు.

ఇక దేని చుట్టూ?

"మధ్యలో ఏమున్నది?"

"కొండండి."

"కొండ మీద?"

"చెట్లండి."

"చెట్ల నడుమ?"

ఎవరికీ తెలియదు. కేంద్రము లేని ప్రదక్షిణ చెల్లదన్నారు. సర్వేవాళ్లు గొలుసులు పట్టుకుని వారం రోజులు కొండెక్కి దిగి, తొమ్మిది కిలోమీటర్ల బాటకి సరిగ్గా నడిమధ్య బిందువు కనిపెట్టారు. అక్కడ ఒక జీపు ఉంది. నలభై ఏళ్ల కిందట క్యాంపుకెళ్లి తిరిగి రాని వనవిహార సంస్థ వారి జీపు. చక్రాలు లేవు. లోపలినుంచి వెదురు మొలిచింది. అది అంత పైకి ఎలా ఎక్కిందో తెలిసిన డ్రైవరు ఎప్పుడో రిటైరయ్యాడు. రికార్డుల్లో మాత్రం ఆ జీపు ఇంకా 'క్యాంపులో ఉన్నది'. దానికి ఆకుపచ్చ రంగు వేసి, చుట్టూ కంచె కట్టి, 'ప్రదక్షిణ కేంద్రము' అని బోర్డు పెట్టారు. ఆ అక్షరాలు కూడా నావే.

నిబంధనలు అమల్లోకి వచ్చిన రోజు పొద్దున్న నేను చిలకమ్మ బెంచీ మీద ఉన్నాను. పదిమంది నడకవాళ్లు బూట్లు విప్పి మేజోళ్లతో ఎడమవైపు బయల్దేరారు. చిలకమ్మ గిన్నె తీసుకుంది.

"పాలట్టుకొచ్చి టీ ఎడతాను బాబూ, ఇప్పుడే" అని గేటులోకి వెళ్లి కుడివైపు తిరిగింది.

సన్యాసినాయుడు ఈల వేశాడు. "ఆగు సిలకమ్మా! అటు అప్రదక్షిణం!"

"ఏటీ?"

"కుడేపు ఎల్లకూడదు. ఎడమేపు ఎల్లి, కొండ సుట్టూ తిరిగి, అప్పుడు మీ ఇంటికి సేరాల. కొత్త రూలు."

"నాయుడన్నా, మా ఇల్లు అదిగో అగుపడతంది. పొయ్యిలో పొగ కూడా అగుపడతంది. ఆ పొగ నాదే."

"పొగ అగుపడితే సరిపోదమ్మా. బాణం అగుపడాల."

చిలకమ్మ బాణం వైపు చూసింది, పొగ వైపు చూసింది. "మరి పాలట్టుకుని రావడం?"

"రావడం తిన్నగా వొచ్చీ. అది ప్రదక్షిణే. రెండొందల అడుగులు. ఎల్లడమే తొమ్మిది కిలోమీటర్లు."

ఆవిడ నా వైపు చూసింది. నేను పేపరు అడ్డం పెట్టుకున్నాను. పదింటికి గిన్నె పట్టుకుని ఎడమవైపు వెళ్లింది. మూడు జలపాతాలూ దాటి, ఆకుపచ్చ జీపు చుట్టూ తిరిగి, ఒంటిగంటన్నరకి కుడివైపు నుంచి పాలతో వచ్చింది. కాలికి నాలుగు జలగలున్నాయి. టీ పెట్టి నాకే ముందు ఇచ్చింది. ఆ టీ తాగడానికి నాకు మనసు రాలేదు, కానీ తాగాను.

వారం తిరిగేసరికి గూడెం అతలాకుతలమైంది. రేషన్ బియ్యం మోసుకుని గేటు దాటినవాళ్లు సాయంత్రానికి ఇల్లు చేరారు. ఉప్పు మరిచిపోయినావిడ వారమంతా చప్పిడి కూర వండింది. చిలకమ్మ గేదె ఒక్కటే నిబంధనని పట్టించుకోలేదు. రోజూ సాయంత్రం రోడ్డు పక్క మేత మేసి, గేటులోంచి వచ్చి, కుడివైపు తిరిగి, ఇంటికి పోయేది. 'సదరు గేదె ఈలను ఖాతరు చేయుట లేదు' అని సన్యాసినాయుడు రిపోర్టు రాశాడు. గేదెకి నోటీసు జారీ అయింది. 'నోటీసు అందజేయగా సదరు గేదె దానిని తినినది' అని మళ్లీ రిపోర్టు. నోటీసు అందినట్టా అందనట్టా అని పై ఆఫీసులో రెండు రోజులు చర్చ జరిగింది.

గేదెకి వచ్చిన నోటీసుకి జోడీగా చిలకమ్మకి కూడా ఒకటి వచ్చింది. పాలు విరిగిపోతాయని రెండుసార్లు కుడివైపు పరుగెత్తిందట. మూడోసారి పట్టుబడితే కొట్టు తీసేస్తారు. ఆ కాగితం నాచేత చదివించుకుంది.

"కొట్టు ఉండాలంటే ఇంటికి ఎల్లకూడదు. ఇంటికి ఎల్లాలంటే కొట్టు ఉండదు. అంతేనా బాబూ?"

"అంతే" అన్నాను.

"రెండూ నావే కద బాబూ. రెంటికీ మద్దిన రెండొందల అడుగులే కదా. ఏటి సేసినానని?"

నాకు గుచ్చుకుంది. గుచ్చుకోకుండా ఉండాలని శతవిధాల ప్రయత్నించాను, కుదరలేదు. ఈవిడ చేసింది ఏమీ లేదు. చేసింది నేను, టిఫిన్ డబ్బా మూత తీస్తూ. ఆ రాత కోతలన్నీ నావే అని చెప్పెయ్యాలనిపించింది. శాలువా గుర్తొచ్చి ఊరుకున్నాను.

"నాయుడన్నా, ఆ రూలు కాయితం ఒకపాలి సదువు" అంది చిలకమ్మ.

సన్యాసినాయుడు చదివాడు. "ప్రతి పాదచారియు ప్రదక్షిణ దిశకు అభిముఖుడై యుండవలెను."

"అంటే?"

"మొకం బాణం ఏపుండాల."

"కాళ్లో?"

సన్యాసినాయుడు కాగితం తిప్పి చూశాడు. కాళ్ల ప్రస్తావన లేదు. ఆ నిబంధన రాసిందీ నేనే. అభిముఖుడు అనే మాట మీద మోజుతో కాళ్ల సంగతి వదిలేశాను. చిలకమ్మ గిన్నె నెత్తిన పెట్టుకుంది. గేటులోకి వెళ్లి, ముఖం బాణం వైపు పెట్టి, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ తిన్నగా ఇంటికి పోయింది.

"మొకం ఎటుందీ?" అని అక్కడినుంచి కేకేసింది.

"బాణం ఏపే ఉంది" అన్నాడు సన్యాసినాయుడు. ఈల నోటిదాకా వెళ్లి ఆగిపోయింది.

మర్నాటికి గూడెమంతా వెనక్కి నడవడం మొదలుపెట్టింది. బిందెలతో, కట్టెమోపులతో, చంకన పిల్లలతో. పెళ్లి సంబంధం చూడ్డానికి వచ్చిన పక్క ఊరివాళ్లు కూడా అలాగే నడిచి వెళ్లారు. ఇంతలో పట్నం నడకవాళ్లు ఎవరో వీడియో తీశారు. 'అడవిబిడ్డల రహస్య నడక' అని అది అందరి ఫోన్లలోకీ పాకింది. మోకాళ్ల డాక్టరొకాయన టీవీలో కూర్చుని, మనిషి మోకాలు అసలు వెనక్కి నడవడానికే తయారైందని చెప్పాడు. ఆదివారం నాలుగు బస్సులు దిగాయి. రెండు వందల మంది మేజోళ్లు వేసుకుని, ముఖం ప్రదక్షిణ దిశకి పెట్టి, అడవిలోకి వెనక్కి బయల్దేరారు. వెనక్కి నడిచేవాళ్లకి జలపాతం ఎప్పుడొస్తుందో తెలియదు. చాలామందికి నీళ్లలో పడ్డాకే తెలిసింది. మడుగు లోతు తక్కువ కాబట్టి ఎవరికీ ఏం కాలేదు. పడ్డవాళ్లంతా పైకి లేచి, మోకాళ్లు తేలిగ్గా ఉన్నాయన్నారు.

ప్రభంజనరావుగారు సంబరపడిపోయారు. "ఇది అంతర్జాతీయ స్థాయి వెనుకబాటు అనుభూతి" అని పత్రికలవాళ్లతో అన్నారు. అనంతశయనంగారు మండిపడ్డారు. వారం తిరక్కుండా 'పృష్ఠగమన నిషేధ ఉత్తర్వు' వచ్చింది. ఈసారి ముఖం, ఛాతీ, మోకాళ్లు, మడమలు, అన్నీ ఎటుండాలో బొమ్మ వేసి మరీ చూపించారు. వెనక్కి నడవడమనే దురాచారాన్ని ప్రవేశపెట్టినందుకు చిలకమ్మ మీద బహిరంగ విచారణ పెట్టారు. తీర్పు వచ్చేదాకా కూడా ఆగలేదు. కొట్టు తీసెయ్యడానికి ఇద్దరు మనుషుల్ని ముందే గడ్డపారలతో తెచ్చి నిలబెట్టారు.

గేటు ముందు షామియానా వేశారు. బల్ల వెనక అనంతశయనంగారు, ప్రభంజనరావుగారు, చివరి కుర్చీలో నేను. ఎదురుగా చిలకమ్మ. ఆవిడ వెనక గూడెం మొత్తం. గూడెం వెనక గేదె.

"ముద్దాయి చెప్పుకొనవలసినది ఏమైననూ ఉన్నదా?" అన్నారు అనంతశయనంగారు.

"ముద్దాయంటే నేనే కదా బాబూ?" చిలకమ్మ కొంగు బిగించుకుంది. "నాకు సదువు రాదు. ఒక్కటి అడుగుతాను. అంతా సుట్టూ తిరిగినాక, తొమ్మిది కిలోమీటర్లూ అయిపోనాక, అప్పుడు మనిషి ఎటైనా ఎల్లొచ్చా? అప్పుడు కూడా బాణమేనా?"

"ప్రదక్షిణ సమాప్తమైన పిమ్మట మానవుడు స్వేచ్ఛాజీవి" అన్నారాయన.

"స్వేచ్ఛంటే?"

"ఎటైనా ఎల్లొచ్చంతన్నారు" అన్నాడు సన్యాసినాయుడు మెల్లగా.

చిలకమ్మ రెండు చేతులూ జోడించింది. కళ్లు మూసుకుంది. నిలబడ్డ చోటే కుడివైపుగా తనచుట్టూ తాను తిరిగింది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. కళ్లు తెరిచింది.

"మా ఇంట్లో దేవుడి గూడు గోడలో ఉంటాది బాబూ. సుట్టూ తిరగడానికి సోటు నేదు. అందుకని అక్కడే నిలబడి ఇలాగ తిరిగి దండం ఎట్టుకుంటాం. మా అత్త నేర్పింది. అది ప్రదక్షిణ కాదేటి?"

అనంతశయనంగారి చేయి బల్ల మీదున్న లావుపాటి పుస్తకం మీదికి పోయింది. పేజీలు తిప్పారు. ఏడో ప్రకరణం దగ్గర ఆగారు. చదువుతుంటే ఆయన ముఖం పాలిపోయింది.

"ఆత్మప్రదక్షిణ" అన్నారు. "స్థలాభావమున ఎవరు తమ చుట్టూ తాము తిరుగుదురో వారు పూర్ణ ప్రదక్షిణ గావించినట్లే భావింపబడుదురు."

"అంటే నేను కొండ సుట్టొచ్చీసినట్టేనా?"

"వచ్చినట్లే భావింపబడును."

"మూడుపాల్లూ?"

"మూడు మారులును."

"ఇరవయ్యేడు కిలోమీటర్లు!" అని గూడెం జనం ఆశ్చర్యపోయారు. చిలకమ్మ ఒక దండం పెట్టి, గేటులోకి వెళ్లి, కుడివైపు తిరిగి, ముందుకే నడుచుకుంటూ ఇంటికి పోయింది. ఎవరూ ఈల వెయ్యలేదు. గడ్డపారలవాళ్లు టీ తాగుదామని కూర్చున్నారు. పాలు వచ్చేదాకా ఆగాలి కదా.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. కానీ ప్రభంజనరావుగారు పుస్తకంలో ఆ ఏడో ప్రకరణాన్ని మళ్లీ మళ్లీ చదువుతున్నారు. "సందర్శకులక్కూడా ఇది వర్తిస్తుంది కదండీ?" అన్నారు. "స్థలాభావమున్నచో వర్తించును" అన్నారు అనంతశయనంగారు. ప్రభంజనరావుగారు పార్కింగు వైపు చూశారు. బస్సుల మధ్య అసలు స్థలం లేదు.

నెల రోజుల్లో పార్కింగులో నలభై గుండ్రాలు గీశారు. టూరిస్టు బస్సు దిగుతాడు, గుండ్రంలో నిలబడతాడు, తనచుట్టూ తాను తిరుగుతాడు, 'నెమిలేరు ప్రదక్షిణ పూర్తి చేసినట్లు భావింపబడినది' అని పత్రం తీసుకుంటాడు. తొమ్మిది కిలోమీటర్లు, తొమ్మిది సెకన్లు. జలగలు లేవు, మేజోళ్లక్కర్లేదు. జలపాతాలు చూడలేదని ఎవరో ఫిర్యాదు చేస్తే దానికీ ఏర్పాటు చేశారు. తిరుగుతున్నప్పుడు మనిషి మీద మొదట చెంబుతో నీళ్లు పోస్తారు, తర్వాత బిందెతో, చివర పైపుతో. మూడు జలపాతాలూ అయినట్టే. పైపు పట్టుకునేది సన్యాసినాయుడు. సందర్శకుల సంఖ్య పదింతలైందని సంస్థకి ఒక షీల్డు కూడా వచ్చింది. తడిసి, కళ్లు తిరిగి వచ్చినవాళ్లకి చిలకమ్మ అల్లం టీ ఇస్తోంది. గిన్నె పెట్టి పెట్టకముందే ఖాళీ అవుతోంది.

గూడెంవాళ్లకి మాత్రం నిబంధన ఇంకా ఉంది. ఇంటికి పోయే ముందు గేటు దగ్గర ఒక చుట్టు తిరగాలి. తిరుగుతారు. బిందెతో తిరిగితే నీళ్లు తొణుకుతాయని బిందె కింద పెట్టి తిరుగుతారు. గేదె ఒక్కటే తిరగదు. రికార్డు సరిగ్గా ఉండాలి కాబట్టి రోజూ సాయంత్రం అది గేటు దాటగానే దాని బదులు సన్యాసినాయుడు ఒక చుట్టు తిరుగుతున్నాడు.

మొన్న నేను ఒక్కణ్ణీ ఆ దారంట నడిచాను, బూట్లతోనే. మనిషి అలికిడి లేదు. మొదటి జలపాతం దగ్గర ఉడత ఒకటి రాతి మీద కూర్చుని నీళ్లు తాగుతోంది. మూడో జలపాతం దగ్గర చల్లటి తుంపర ముఖాన కొట్టింది. ఎంత బాగుందో! ఇంత మంచి దారికి ఇన్నాళ్లూ నేను ఒక్క అడుగు కూడా వెయ్యకుండా పేరు పెట్టాను. చుట్టూ తిరిగి గూడెంలోంచి వచ్చేసరికి చిలకమ్మ వాకిట్లో పాలు పితుకుతోంది.

"మేం దీన్ని సుట్టుదారంటాం బాబూ" అంది.

"తెలుసు" అన్నాను.

"తెలిసే రాయనేదా?"

చేతిలో సంచీ ఉంది. సంచీలో వనవిహార సంస్థ నుంచి వచ్చిన కొత్త ఫైలుంది. నెమిలేరులో ఒక 'వ్యూ పాయింట్' పెడతారట, కడ్డీలు పాతి, దుర్భిణీలు బిగించి. మ్యాపు తీసి చూపించాను. "ఇదెక్కడమ్మా?"

చిలకమ్మ మ్యాపు చూడలేదు. చెయ్యెత్తి పెరటి వెనక గట్టు చూపించింది. "మొన్నొచ్చి అక్కడ సున్నం ఏసి ఎల్లినారు. అక్కడ నిలబడితే ఏరు అగుపడతాది. దానికన్నా ముందర మా పెరడు అగుపడతాది, మా తడికల స్నానాల గది అగుపడతాది." పాల గిన్నె కింద పెట్టింది. "దానికేటి పేరెడతన్నారు బాబూ?"

దర్శనస్థలి అని అప్పటికే నా నోట్లో తిరుగుతోంది. వీక్షణవేదిక, దృశ్యకేంద్రం, అవలోకన బిందువు కూడా బారులు తీరి నిలబడ్డాయి. ఒకదాన్ని మించి ఒకటి. నా చేతులు దురద పెట్టాయి. వాకిట్లోనే కూర్చుని, ఫైలు మోకాలి మీద పెట్టుకుని, ఇరవై రెండేళ్ల సర్వీసులో ఎన్నడూ రాయని మాట రాశాను.

'సదరు ఆంగ్ల పదమునకు తెలుగులో మాట లేదు.'

కింద సంతకం పెట్టి తేదీ వేశాను. పేరు లేనిచోట బోర్డు ఉండదు. బోర్డు లేనిదాన్ని ప్రారంభించరు.

"ఏటి రాసినారు బాబూ?" అంది చిలకమ్మ.

"ఏమీ రాయలేదమ్మా" అన్నాను.

"మంచి పేరు" అంది. పాల గిన్నె తీసుకుని టీ పెట్టడానికి కొట్టుకి బయల్దేరింది. వెనకే నేనూ నడిచాను. రెండు వందల అడుగులు.